కౌన్సిల్ మీద ఫిర్యాదు: ఇంగ్లాండులోని మన కుటుంబాలకు

తెలుగు నేల నుంచి వెళ్ళి ఇంగ్లాండులో స్థిరపడిన నా పూర్వ విద్యార్థులు మస్అలాలు అడిగే సందర్భంలో ఇంటి చిక్కులూ చెప్పుకుంటూ ఉంటారు. వాటిలో ఒకటి తరచుగా వినవస్తోంది. పిల్లల విషయమై స్థానిక కౌన్సిల్ సోషల్ వర్కర్ ఇంటికి వచ్చారు; తమకు అన్యాయం జరిగిందని తల్లిదండ్రులు భావిస్తున్నారు; అయినా నోరు మెదపరు. ఫిర్యాదు చేస్తే కక్షగట్టి పిల్లలను తీసుకుపోతారని భయం.

ఈ భయానికి చట్టంలో ఆధారం లేదు. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలను తీసుకుపోయే అధికారం కౌన్సిల్‌కు స్వయంగా లేదు. న్యాయస్థానం ఉత్తర్వు ఉండాలి. అత్యవసరమైతే పోలీసులు మాత్రం 72 గంటలకు మించకుండా బిడ్డను తమ రక్షణలో ఉంచవచ్చు. ఇక అధికారిపై ఫిర్యాదు చేయటం అమర్యాద అనుకునేవారికి ఒక మాట: అధికారుల మీద ప్రజల ఫిర్యాదులు వినటానికే మన పూర్వీకులు మజాలిమ్ న్యాయపీఠాలు నెలకొల్పారు. ఇమామ్ మావర్దీ తన పాలనా గ్రంథంలో వాటికి ఒక అధ్యాయమే కేటాయించారు.

ఇంగ్లాండులో 1989 నాటి బాలల చట్టం 26వ సెక్షన్ ఈ హక్కును ఇస్తున్నది. విధివిధానాలను 2006 నిబంధనలు నిర్ణయించాయి. మొదటి దశలో సంబంధిత విభాగమే 10 పనిదినాలలో సమాధానమివ్వాలి. క్లిష్టమైన విషయమైతే 20. తృప్తి కలగకపోతే రెండవ దశ, అంటే విచారణ. కౌన్సిల్ ఉద్యోగి కాని స్వతంత్ర వ్యక్తి ఒకరు ఆ విచారణ ఆసాంతం వెంట ఉంటారు. గడువు 25 పనిదినాలు, గరిష్ఠంగా 65. మూడవ దశలో ముగ్గురు స్వతంత్ర సభ్యుల మండలి సమీక్షిస్తుంది. దానిని 20 పనిదినాలలోపే కోరాలి. అప్పటికీ న్యాయం జరగలేదనిపిస్తే అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము లేదు.

ఏ విషయంపై ఫిర్యాదు చేయవచ్చునన్న దగ్గరే మనవారు ఎక్కువగా తడబడతారు. వస్తానన్న అధికారి రాలేదు, నివేదికలో మనం అనని మాట రాశారు, వికలాంగుడైన బిడ్డకు ఇస్తామన్న సహాయం ఇవ్వలేదు: ఇవన్నీ ఫిర్యాదుకు తగినవే. బిడ్డ కౌన్సిల్ సంరక్షణలో ఉన్నప్పుడు అతని మతాన్నీ, భాషనూ, సంస్కృతినీ పరిగణనలోకి తీసుకోవాలని అదే చట్టం 22వ సెక్షన్ ఆదేశిస్తున్నది. కాబట్టి పెంపక గృహంలో హలాల్ ఆహారాన్నీ, నమాజునూ ఎవరూ పట్టించుకోకపోతే, అది అడగవలసిన ప్రశ్న. అయితే న్యాయస్థానం ఇచ్చిన ఉత్తర్వును ఫిర్యాదు మార్చలేదు. దానికి న్యాయవాది కావాలి. పిల్లల సంరక్షణ కోసం కౌన్సిల్ కోర్టుకెక్కితే తల్లిదండ్రులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. కేసుకు భంగం కలిగించే ఫిర్యాదును కౌన్సిల్ అప్పటికి పక్కన పెట్టవచ్చు. కేసు ముగిశాక మళ్ళీ ఇవ్వవచ్చు.

మరొక సంగతి మన ఇళ్ళలో చాలామందికి మింగుడుపడదు. బిడ్డ కూడా స్వయంగా ఫిర్యాదు చేయవచ్చు. అతని పక్షాన మాట్లాడే సహాయకుణ్ణి కౌన్సిలే ఏర్పాటు చేయాలి. పెద్దల ఎదుట పిల్లల మాటకు మన వద్ద అంత విలువ ఉండదు. కాని పరాయి ఇంట్లో ఉంటున్న పన్నెండేళ్ళ బాలికకు తన బాధ చెప్పుకునే దారి ఉండటం మంచిదే కదా! తల్లిదండ్రులు ఆమెకు ఈ సంగతి తెలియజేయాలి. ఏం చెప్పాలో మాత్రం నేర్పకూడదు.

ఫిర్యాదు నోటితో చెప్పినా చెల్లుతుంది. కాని రాసి ఇవ్వటం ఉత్తమం. ఏ తేదీన ఎవరు వచ్చారు, ఏమన్నారు, ఏం చేయలేదు, మీరు ఏం కోరుతున్నారు: ఇంతే రాయండి. క్షమాపణ కావాలా, నివేదిక సరిదిద్దాలా, సేవ మొదలుపెట్టాలా? ఈ కోరిక స్పష్టంగా లేకనే అనేక ఫిర్యాదులు నీరుగారిపోతాయి. అధికారి మతద్వేషి అని ఆధారం లేకుండా రాయకండి. అది నింద అవుతుంది. అసలు విషయమూ మరుగున పడుతుంది. ఉత్తరం నకలు దాచుకోండి. సంఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు చేయాలి; ఆలస్యానికి తగిన కారణం ఉంటేనే ఆ తరువాత వింటారు.

ఫిర్యాదు నడుస్తున్నది కదా అని సోషల్ వర్కర్‌కు తలుపు తీయకపోవటం తప్పు. ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన పిల్లల క్షేమంపై జరిగే పరిశీలన ఆగదు. ఆయనను లోపలికి రానివ్వండి, అడిగినవాటికి సమాధానమివ్వండి, ఆ రోజు జరిగినదంతా తేదీతో సహా మీ పుస్తకంలో రాసుకోండి.