నక్షత్రం చుక్కలా నిలవాలంటే

భూమి 23 గంటల 56 నిమిషాలకోసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. అందువల్ల ఖగోళ మధ్యరేఖ దగ్గరి నక్షత్రం సెకనుకు 15 ఆర్క్‌సెకన్లు, అంటే డిగ్రీలో 240వ వంతు, జరిగినట్టు కనిపిస్తుంది. టెలిస్కోపుతో నిమిషాల తరబడి ఫొటో తీస్తే చుక్క గీతగా సాగిపోతుంది. దీనికి విరుగుడు ఈక్వటోరియల్ మౌంట్. దాని ప్రధాన అక్షం భూమి అక్షానికి సమాంతరంగా ఉంటే ఒక్క మోటారు తిరిగితే చాలు.

అలా సమాంతరంగా నిలపడమే పోలార్ అలైన్‌మెంట్. హైదరాబాద్‌లోనైతే అక్షాన్ని ఉత్తరానికి తిప్పి, ఆ ఊరి అక్షాంశమంత, అంటే సుమారు 17.4 డిగ్రీలు, పైకెత్తాలి. ధ్రువ నక్షత్రం మంచి గుర్తే కానీ, అది అసలు ధ్రువానికి అర డిగ్రీకి పైగా పక్కన ఉంది. సున్నితమైన పనికి డ్రిఫ్ట్ పద్ధతి మేలు. ఖగోళ మధ్యరేఖ మీద, నడినెత్తి నుంచి దక్షిణానికి దిగే రేఖ దగ్గరున్న నక్షత్రం ఉత్తరానికో దక్షిణానికో జారితే అక్షం పక్కకు తిరిగి ఉందని అర్థం. తూర్పున కిందుగా ఉన్న నక్షత్రం అలా జారితే ఎత్తు తప్పింది. ఓపిక చాలా కావాలి. ధ్రువ నక్షత్రం చెట్ల చాటున పడిన చోట ఆ ఓపికకు తగిన ఫలితం దక్కుతుంది.

అక్షం కుదిరినా గేర్ల పళ్లలోని లోపాలు మిగులుతాయి. వాటిని సరిచేసేది ఆటోగైడింగ్. చిన్న కెమెరా ఒక నక్షత్రాన్నే చూస్తూ ఉంటుంది. అది జరిగినప్పుడల్లా పీహెచ్‌డీ2 వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ కొన్ని సెకన్లకోసారి మోటార్లను దిద్దుతుంది. అయితే అలైన్‌మెంట్ తప్పును ఇది పూర్తిగా కప్పలేదు: గైడ్ నక్షత్రం కదలకున్నా, దాని చుట్టూ మిగతా చుక్కలు వంపు గీతలవుతాయి.