మందులిచ్చే వేళ మాట్లాడించకండి

వార్డులో నర్సు మందుల ట్రాలీతో రాగానే "సిస్టర్, ఒక్క నిమిషం" అని పిలవడం మనలో చాలామందికి అలవాటు. రోగి పేరు, మందు పేరు, మోతాదు, సమయం, ఇచ్చే విధానం - ఈ ఐదింటినీ ఆమె ప్రతి మంచం దగ్గరా సరిచూసుకోవాలి. మధ్యలో మాట కలిపితే ధ్యాస చెదురుతుంది.

ఆస్ట్రేలియాలోని సిడ్నీలో రెండు ఆసుపత్రులలో 98 మంది నర్సుల పనిని గమనించిన అధ్యయనం 2010లో వెలువడింది. ఒక్కొక్క అంతరాయానికీ మందులిచ్చే పనిలో పొరపాట్లు సుమారు 12 శాతం పెరిగినట్లు అందులో తేలింది.

కనుక "మందులిచ్చి వస్తానమ్మా" అని సిస్టర్ అంటే నిర్లక్ష్యమని నొచ్చుకోవద్దని మనవి చేస్తున్నాము. మీవారి క్షేమం కోసమే ఆమె ఆ హద్దు పెట్టుకుంటుంది. ఇతర సందేహాలను కాగితంపై రాసుకుని తరువాత అడగండి. అయితే ఆయాసం, ఛాతీ నొప్పి, రక్తస్రావం, స్పృహ తప్పడం వంటివి కనిపిస్తే వెంటనే పిలవండి. ఇచ్చే మందు మీది కాదనిపించినా అప్పుడే అడగండి.

మీ పనిలోనూ ఇలాంటి వేళలుంటాయి. బండి నడిపేటప్పుడు ఫోను ఎత్తకండి. డబ్బు లెక్కపెట్టేటప్పుడు ఎవరైనా పలకరిస్తే "ఇది అయ్యాక మాట్లాడతాను" అని మర్యాదగా చెప్పండి. ఇంట్లో వారికి ముందే చెప్పి ఉంచితే ఎవరూ నొచ్చుకోరు.