బిజినెస్ ప్రయాణంలో ఫోన్‌లో ఏ గేమ్ ఆడాలి? సరుకు డబ్బున్న ఫోన్‌తో ఈ జాగ్రత్తలు తప్పనిసరి

కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గర బట్టల దుకాణం ఉన్నవాళ్లకు రంజాన్ ముందు రెండు నెలలు కాలు ఒకచోట నిలవదు. వారానికోసారి హైదరాబాద్ పోవాలి. పత్తర్‌గట్టీ, మదీనా మార్కెట్లలో సరుకు చూసుకోవాలి, ఆర్డర్ ఇవ్వాలి, రాత్రికి తిరిగి బస్సెక్కాలి. ఆదిలాబాద్ వ్యాపారులకైతే ఇంకా దూరం. రోడ్డు మీద దాదాపు 300 కిలోమీటర్లు. కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ముద్‌ఖేడ్, నిజామాబాద్ మీదుగా చుట్టి రావాలి. మెడికల్ రెప్‌లు, ఎరువుల కంపెనీల సేల్స్ వాళ్లు, ఆడిట్ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు, అందరిదీ ఇదే తిరుగుడు.

ఇన్ని గంటలు ఏం చేస్తారు? కొందరు నిద్రపోతారు, కొందరు లెక్కలు చూసుకుంటారు. ఎక్కువమంది ఫోన్ తీసి గేమ్ పెడతారు. అందులో తప్పేం లేదు. కాకపోతే అదే ఫోన్‌లో దుకాణం యూపీఐ ఉంటుంది, కరెంట్ అకౌంట్ ఉంటుంది, హోల్‌సేలర్‌కు కట్టాల్సిన డబ్బు ఉంటుంది. అందుకే ప్రయాణంలో ఏ గేమ్ ఆడాలన్నది కాలక్షేపం విషయమే కాదు, ఇంటి లెక్క కూడా.

మొదట చూడాల్సింది: సిగ్నల్ లేకపోయినా నడుస్తుందా?

కరీంనగర్ నుంచి సికింద్రాబాద్ జేబీఎస్ దాకా రాజీవ్ రహదారి మీద నెట్‌కు పెద్దగా ఇబ్బంది ఉండదు. ఆదిలాబాద్ రూట్ అలా కాదు. నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కాక అడవుల మధ్య సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. నెట్ ఉంటేనే నడిచే గేమ్ అక్కడ మధ్యలో ఆగిపోతుంది. గల్ఫ్ విమానం ఎక్కేవాళ్లకైతే గాల్లో ఉన్నంతసేపూ ఫోన్ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లోనే.

దీనికి ఇంట్లోనే ఒక చిన్న పరీక్ష పెట్టుకోవచ్చు. గేమ్ డౌన్‌లోడ్ చేశాక ఒకసారి నెట్‌తో తెరవండి. చాలా గేమ్‌లు మొదటిసారి తెరిచినప్పుడు ఇంకొంత ఫైల్ దించుకుంటాయి. ఆ తర్వాత ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి మళ్లీ తెరిచి పది నిమిషాలు ఆడండి. నడిస్తే అది ప్రయాణానికి పనికొస్తుంది. ఈ పని వైఫై ఉన్నచోట చేసుకుంటే మొబైల్ డేటా కూడా మిగులుతుంది.

బీజీఎంఐ లాంటి యుద్ధం గేమ్‌లు ఈ పరీక్షలో నిలవవు. 2020 సెప్టెంబర్‌లో పబ్జీ మొబైల్‌ను కేంద్రం నిషేధించాక, 2021 జులైలో దాని స్థానంలో బీజీఎంఐ వచ్చింది. 2022 జులైలో అదీ స్టోర్‌ల నుంచి పోయింది, 2023 మేలో మళ్లీ వచ్చింది. దాన్ని ఆడాలంటే నెట్ కావాలి, ఒక్కో మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది, బ్యాటరీని బాగా తింటుంది. పైగా జట్టుగా ఆడేది కాబట్టి కండక్టర్ టికెట్ అడిగినా, కస్టమర్ ఫోన్ చేసినా మధ్యలో వదలడం కష్టం. ప్రయాణానికి కావాల్సింది ఎప్పుడంటే అప్పుడు ఆపి, మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టగలిగే ఆట. హోల్‌సేలర్ ఫోన్ వచ్చినా, దారిలో దిగి నమాజ్ చేసుకోవాలన్నా ‘ఒక్క నిమిషం ఆగు’ అనాల్సిన అవసరం రాకూడదు.

రెండోది: ఉచితం అంటే ఎంత ఉచితం?

ప్లే స్టోర్‌లో గేమ్ పేరు కింద రెండు మాటలు రాసి ఉంటాయి. ఒకటి ప్రకటనలు ఉన్నాయని, రెండోది యాప్‌లో కొనుగోళ్లు ఉన్నాయని. మనలో ఎక్కువమంది అవి చదవకుండానే ఇన్‌స్టాల్ నొక్కేస్తాం. ఈ రెండూ ఉన్నాయంటే ఆ గేమ్ కంపెనీకి మీ టైమ్ నుంచో మీ జేబు నుంచో ఆదాయం రావాలని అర్థం. క్యాండీ క్రష్ సంగతే చూడండి. లైఫ్‌లు అయిపోతే ఆగాలి, లేదంటే కొనాలి. ఆట కష్టమైన చోటే కొనమనే బటన్ కనిపిస్తుంది.

లెక్క వేసి చూద్దాం. వారానికి రెండుసార్లు 59 రూపాయల కాయిన్‌లు కొన్నారనుకుందాం. వారానికి 118. ఏడాదికి 52 వారాలు అంటే 6,136 రూపాయలు. చేతిలో నోటు మారదు కాబట్టి ఖర్చయినట్టే అనిపించదు. దుకాణంలో గుమస్తా ఇంత లెక్క తప్పితే ఊరుకుంటామా?

అందుకే ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కునే గేమ్, లేదా ప్రకటనలే లేని ఉచిత గేమ్ చూసుకుంటే చివరికి చవక పడుతుంది.

ప్రయాణానికి పనికొచ్చే కొన్ని ఆటలు

చెస్: లిచెస్ అనే యాప్ పూర్తిగా ఉచితం. ప్రకటనలు లేవు, కొనుగోళ్లు లేవు. ఫ్రాన్స్‌కు చెందిన లాభాపేక్ష లేని సంస్థ విరాళాలతో నడుపుతుంది. నెట్ లేకపోయినా ఫోన్‌తోనే ఆడొచ్చు. మన పక్కనే ఉన్న హన్మకొండ కుర్రాడు ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబర్‌లో ఫిడే రేటింగ్‌లో 2,800 దాటాడు. పిల్లలకు చెప్పుకోవడానికి కూడా ఇది మంచి ఆట.

పజిల్స్: సైమన్ టాథమ్ పజిల్స్ అని వెతికితే ఒకే చిన్న యాప్‌లో సుడోకు లాంటి బుర్రకు పనిపెట్టే ఆటలు పదుల్లో దొరుకుతాయి. ఉచితం, ప్రకటనలు లేవు, నెట్ అక్కర్లేదు. పాత ఫోన్‌లో కూడా నడుస్తుంది.

మాన్యుమెంట్ వ్యాలీ: 2014లో వచ్చిన ఆట. హింస లేదు, తొందర లేదు. మెల్లగా దారులు తిప్పుకుంటూ పోవడమే. డబ్బు కట్టి కొనాలి.

లూడో కింగ్: 2016లో మన దేశంలోనే తయారైంది. నెట్ లేకపోయినా ఒకే ఫోన్ మీద కలిసి ఆడొచ్చు. కాకపోతే ప్రకటనలు, కొనుగోళ్లు రెండూ ఉన్నాయి. ఇంకో మాట. పాచికలతో ఆడే ఆటలను ఉలమాల్లో చాలామంది వద్దంటారు. చదరంగం మీద కూడా భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. సందేహం ఉంటే మీ మసీదు ఇమామ్ సాబ్‌ను అడగడం మేలు. డబ్బు పందెం కాస్తే మాత్రం ఏ ఆటైనా జూదమే, అందులో ఎవరికీ రెండో మాట లేదు.

మూడోది: డబ్బు పెట్టే గేమ్ అయితే అక్కడే ఆగండి

అసలు ప్రమాదం ఇక్కడ ఉంది. లాడ్జి గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు, సరుకు కొనడానికి తెచ్చిన డబ్బు ఫోన్‌లో ఉన్నప్పుడు ‘100 పెట్టండి, 500 తీసుకోండి’ అనే లింక్ వస్తుంది. మొదట్లో చిన్న మొత్తం గెలిపిస్తారు. తర్వాత పోయిన డబ్బు రాబట్టుకోవాలని ఇంకొంత పెడతారు. అలా దుకాణం పెట్టుబడి కరిగిపోయాక హోల్‌సేలర్‌కు బాకీ, ఇంట్లో అబద్ధం, వడ్డీకి అప్పు మొదలవుతాయి. ఖుర్‌ఆన్‌లో సూరహ్ మాయిదా 90వ ఆయత్ మద్యాన్నీ జూదాన్నీ పక్కపక్కనే పెట్టి దూరంగా ఉండమంది. ఆ మాట ఎందుకు అన్నదో ఇలాంటి ఇళ్లు చూస్తే తెలుస్తుంది.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2017లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ లాంటి డబ్బు ఆటలను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఆమోదించింది. అదే నెల 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నైపుణ్యంతో ఆడేదైనా, అదృష్టంతో ఆడేదైనా, డబ్బు పెట్టి డబ్బు గెలిచేదైతే ఆన్‌లైన్‌లో నడపకూడదు. నడిపితే 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేస్తే 2 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఈ కేంద్ర చట్టంలో ఆడినవాళ్లకు శిక్ష పెట్టలేదు. అలాగని ధీమా పడొద్దు, రాష్ట్ర చట్టం వేరుగా ఉంది.

చట్టం వచ్చాక పెద్ద కంపెనీలు డబ్బు పోటీలు ఆపేశాయి. ఇప్పుడు టెలిగ్రామ్‌లోనో, వాట్సాప్‌లోనో లింక్ పంపి యాప్ దించుకోమంటున్నారంటే అది చట్టం బయట నడిచే దుకాణమని అర్థం. అక్కడ పోయిన డబ్బు అడగడానికి ఆఫీసు ఉండదు, మనిషీ ఉండడు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

బయల్దేరే ముందు ఫోన్‌లో చేసుకోవాల్సినవి

ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టండి. ఇంటికి వచ్చాక పిల్లలు మొదట లాక్కునేది ఆ ఫోన్‌నే అని మరవొద్దు.

మీ యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా చూడండి. ఒకసారి ఒప్పుకున్న ఆటోపేలో 15,000 రూపాయల దాకా మళ్లీ పిన్ అడగకుండానే కట్ కావచ్చు. తెలియని పేరు ఉంటే రద్దు చేయండి.

వీలైతే దుకాణం అకౌంట్ ఉన్న ఫోన్‌లో గేమ్‌లు పెట్టకండి. ఒకే ఫోన్ ఉంటే, ప్లే స్టోర్‌కు దుకాణం అకౌంట్ కాకుండా తక్కువ డబ్బుండే వేరే అకౌంట్ జోడించండి. పొరపాటున కొన్నారంటే 48 గంటల్లోపు గూగుల్‌కు రిఫండ్ అడగొచ్చు.

గేమ్ పేరు కింద ఉండే వయసు రేటింగ్ చూడండి. 3 ప్లస్, 7 ప్లస్, 12 ప్లస్ అని ఉంటుంది. మీ ఫోన్ పిల్లల చేతికి వెళ్లేదే అయితే ఈ అంకె మీకోసం కాదు, వాళ్లకోసం.

బ్యాటరీ 40 శాతానికి రాగానే గేమ్ ఆపేయండి. రాత్రిపూట ఆదిలాబాద్ స్టేషన్‌లో దిగి ఆటోకు డబ్బు కట్టాలన్నా, ఇంటికి ఫోన్ చేయాలన్నా అదే ఫోన్ కావాలి. రైళ్లలో రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా చార్జింగ్ పాయింట్లకు కరెంట్ ఆపాలన్న ఆదేశాలున్నాయి, రైలు చార్జింగ్‌ను నమ్ముకోవద్దు. విమానంలో పవర్ బ్యాంక్ చేతి బ్యాగ్‌లోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు.

చివరగా, ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, లేదంటే సౌండ్ తీసేయండి. పక్క సీట్లో మనిషి కూడా రోజంతా మార్కెట్ తిరిగి అలసిపోయి వచ్చినవాడే.

సరుకు మంచిగా దొరికి, దారి సుఖంగా గడిచి, అకౌంట్‌లో డబ్బు ఉన్నది ఉన్నట్టు ఇంటికి చేరితే ఆ ట్రిప్ లాభమే. గేమ్‌లో ఎన్ని లెవెల్స్ దాటారో ఇంట్లో ఎవరూ అడగరు, లెక్క మాత్రం తప్పక అడుగుతారు.