'ఓ' గ్రూపైతే వైరస్ వదిలేస్తుందా?

కరోనా రోజుల్లో రక్తం గ్రూపుకు కొత్త హోదా వచ్చింది. అంతవరకు ఆపరేషన్ ముందో, రక్తదానం రోజునో తప్ప గుర్తుకురానిది కాస్తా వాట్సాప్‌లో రాశిఫలంలా తిరిగింది. 'ఓ' వాళ్లకు భయం లేదట, 'ఎ' వాళ్లకే గండమట! ఈ మాటలు గాల్లోంచి పుట్టలేదు. కానీ పరిశోధన చెప్పింది ఒకటి, మనదాకా వచ్చింది మరొకటి.

అపోహ: 'ఓ' గ్రూపు వారికి కోవిడ్ ముదరదు.

వాస్తవం: ఈ ప్రచారానికి మూలం 2020 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం. ఇటలీ, స్పెయిన్‌లలో ఊపిరి అందని స్థితికి చేరిన 1,610 మంది రోగుల జన్యువులను అందులో పరిశీలించారు. మిగతా గ్రూపులతో పోలిస్తే 'ఎ' వారికి ముప్పు దాదాపు 45 శాతం ఎక్కువని, 'ఓ' వారికి 35 శాతం తక్కువని తేలింది. 'ఓ' వారిలో రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే వాన్ విల్‌బ్రాండ్ ఫ్యాక్టర్ తక్కువగా ఉండటం ఒక కారణం కావచ్చని శాస్త్రవేత్తల ఊహ.

అయితే ముప్పు తగ్గడం వేరు, లేకపోవడం వేరు. ఆ రోగుల్లో 'ఓ' గ్రూపు వారూ వందల్లో ఉన్నారు. పైగా అమెరికాలో యూటా ప్రాంతంలో దాదాపు 1,08,000 మంది వివరాలతో చేసి, 2021లో ప్రచురించిన అధ్యయనంలో వ్యాధి సోకడానికి గానీ, ముదరడానికి గానీ రక్తం గ్రూపుతో సంబంధమే కనిపించలేదు.

అపోహ: 'ఓ' గ్రూపు ఏ వైరస్‌నైనా ఆపుతుంది.

వాస్తవం: వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. 1968లో అమెరికాలోని నార్వాక్ పట్టణంలో బడిపిల్లలను పడకేయించిన రకం 'ఓ' వారికే తేలిగ్గా సోకుతుంది; 'బి' వారికి తక్కువగా సోకుతుంది. రక్తకణాల మీద ఉండే గ్రూపు గుర్తులు చాలామందికి పేగుల లోపలి పొరలోనూ ఉంటాయి. ఈ వైరస్ వాటినే పట్టుకుని లోపలికి వెళ్తుంది. ఎఫ్‌యూటీ2 అనే జన్యువు పనిచేయని వారి పేగుల్లో ఆ గుర్తులు ఏర్పడవు. యూరప్ సంతతిలో సుమారు 20 శాతం మంది ఇలాంటివారే. వారికి చాలా రకాల నోరోవైరస్‌లు సోకవు.

అపోహ: చెడ్డ జన్యువు వారసత్వంగా వస్తే ఇక తప్పించుకోలేం.

వాస్తవం: కోవిడ్‌ను ముదిరించే జన్యుభాగం ఒకటి మూడో క్రోమోజోమ్ మీద ఉంది. అది నియాండర్తల్ మానవుల నుంచి మనకు వచ్చిందని 2020లో శాస్త్రవేత్తలు హ్యూగో జెబెర్గ్, స్వాంటె పాబో తేల్చారు. యూరప్‌లో సుమారు 16 శాతం మందిలో ఉంటే, దక్షిణాసియాలో దాదాపు సగం మందిలో ఉంది. ఆ లెక్కన మన దగ్గర పరిస్థితి మరీ ఘోరంగా ఉండాలి. కానీ హైదరాబాద్‌లోని సీసీఎంబీ, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2021లో పరిశీలిస్తే, యూరప్‌లో కనిపించినంత పాత్ర దక్షిణాసియాలో దానికి ఉన్నట్లు లేదు.

ఇదే జన్యుభాగం హెచ్‌ఐవీ సోకే ముప్పును సుమారు 27 శాతం తగ్గిస్తుందని జెబెర్గ్ 2022లో వెల్లడించారు. మరి దాన్ని చెడ్డదనాలా, మంచిదనాలా?

అపోహ: నిక్షేపంలాంటి కుర్రాడు వెంటిలేటర్ మీదకు వెళ్తే అంతా తలరాతే.

వాస్తవం: వైరస్ చొరబడగానే ఒళ్లు మోగించే తొలి అలారం ఇంటర్‌ఫెరాన్. తీవ్ర కోవిడ్ రోగుల్లో సుమారు 3.5 శాతం మందికి ఆ వ్యవస్థ జన్యువుల్లోనే లోపాలున్నాయని శాస్త్రవేత్త జాన్ లారాన్ కాసనోవా బృందం 2020లో గుర్తించింది. మరో 10 శాతం మందిలో సొంత యాంటీబాడీలే ఇంటర్‌ఫెరాన్‌ను అడ్డుకున్నాయి. రక్తం గ్రూపు కార్డులో ఇవేవీ కనిపించవు.

అపోహ: డెంగీ ముదరడమూ గ్రూపును బట్టే.

వాస్తవం: ఇక్కడ గ్రూపు కన్నా గతంలో డెంగీ సోకిందా అన్నదే ముఖ్యం. డెంగీ వైరస్‌లు నాలుగు రకాలు. ఒకసారి ఒక రకం సోకి, మరోసారి ఇంకో రకం సోకితే ప్రమాదం పెరుగుతుంది. కాబట్టి గతంలో డెంగీ వచ్చి ఉంటే, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

రక్తం ఎక్కించాల్సి వచ్చినప్పుడు గ్రూపు ప్రాణం కాపాడుతుంది. వైరస్ జ్వరంలో మాత్రం వయసు, షుగరు, వేసుకున్న టీకాలు అంతకంటే చాలా ఎక్కువ చెబుతాయి. 'ఓ' గ్రూపు కదా అని టీకా మానుకోకండి. 'ఎ' గ్రూపని బెంగపడకండి.