తేటనీళ్ళన్నీ మంచినీళ్ళేనా?

మా యిల్లు అఫ్జల్‌గంజ్‌లో, స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి దగ్గరగా ఒక సందులో ఉంది. మేడమీదికి వెళ్ళి నిలుచుంటే మూసీ కనిపిస్తుంది. గాలి యిటు తిరిగిన రోజున మేడ ఎక్కకపోయినా ఉందని తెలుస్తుంది. అటువంటి చోట కాపురముంటూ నీళ్ళ శుభ్రతను గురించి నాలుగు మాటలు చెప్పబోతే మీరు నవ్వవచ్చు. కాని నాకు ఈ పాఠం నేర్పింది మా ముందుగదిలో బల్లమీద ఉన్న గాజుతొట్టి.

ఆ తొట్టి మా యింటికి రావడానికి కారణం మా మనుమరాలు. ఐదో తరగతి చదువుతోంది. ఒకనాడు సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపించింది. తెల్లటి ఒళ్ళు, తలకు రెండుపక్కలా గులాబిరంగు కుచ్చులు, ఎప్పుడూ నవ్వుతున్నట్టుండే నోరు.

"తాతయ్యా, దీని పేరు ఆక్సొలాటల్. మనం పెంచుకుందాం" అంది.

నాకూ ముచ్చటేసి వివరాలు చదివాను. అది చేప కాదు, కప్పకు దూరపు చుట్టం. కప్పపిల్లకు ఎదిగేసరికి మొప్పలు పోతాయి. దీనికి మాత్రం పోవు. ఆ కుచ్చులే మొప్పలు. వాటితోనే జీవితమంతా నీళ్ళలో గడుపుతుంది. కాలు తెగితే మళ్ళీ మొలుస్తుంది. 1864లో మెక్సికోనుంచి 34 ఆక్సొలాటళ్ళను పారిస్ తీసుకువెళ్ళారట. అక్కడ పుట్టిన పిల్లలలో కొన్ని మొప్పలు రాల్చుకుని గట్టెక్కేసరికి శాస్త్రజ్ఞులే నిర్ఘాంతపోయారట!

అంతా బాగానే ఉంది. చిక్కల్లా ఒక్కటే. దానికి 16 నుంచి 18 డిగ్రీల చల్లటి నీళ్ళు కావాలి. 24 దాటితే ప్రాణంమీదికి వస్తుంది. మే నెలలో మా యింట్లో బిందెలో నీళ్ళే 30 దాటుతాయి. రాత్రింబవళ్ళు నీళ్ళు చల్లబరిచే యంత్రం పెట్టే స్తోమతు నాకు లేదు. అందుచేత రాజీపడి, రెండడుగుల పొడవూ, అడుగు వెడల్పూ, అడుగు ఎత్తూ ఉన్న తొట్టి, నాలుగు బంగారు చేపలు కొన్నాను. సుమారు 50 లీటర్ల నీళ్ళు పడతాయి. నాలుగు చేపలకు అది యిరుకని అప్పుడు నాకు తెలియదు.

రెండు నెలలు బాగానే గడిచాయి. సంక్రాంతి వచ్చింది. యిల్లంతా కడుగుతున్నాం కదా అని తొట్టి కూడా కడిగాను. అడుగున గులకరాళ్ళు వేడినీళ్ళలో తోమాను. ఫిల్టరులోని స్పాంజి జిడ్డుగా ఉంటే కుళాయి కింద పెట్టి, తెల్లబడేదాకా పిండాను. పాతనీళ్ళు ఒక్క చుక్క మిగల్చకుండా పారబోసి, కుళాయి నీళ్ళు నింపాను. తొట్టి అద్దంలా మెరిసిపోయింది. మా ఆవిడ కూడా "ఇన్నాళ్ళకు ఒక పని శుభ్రంగా చేశారు" అంది.

మర్నాటికి రెండు చేపలు వెల్లకిల పడ్డాయి. మూడోనాటికి మరొకటి. మనుమరాలు ఏడవలేదు. తొట్టిముందు కూర్చుని, "నీళ్ళు యింత తేటగా ఉన్నాయి కదా తాతయ్యా, మరి యెందుకు చచ్చిపోయాయి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతుక్కుంటే తెలిసిన సంగతులే యిక్కడ చెబుతున్నాను.

చేప తిని విసర్జించేదీ, తినకుండా మిగిల్చేదీ నీళ్ళలోనే కుళ్ళి అమోనియా అవుతుంది. అమోనియాకు రంగు లేదు. కొద్దిగా ఉంటే వాసనా తెలియదు. కాని ఆ కొద్దే చేప మొప్పలను కాల్చేస్తుంది. దీనికి విరుగుడు ప్రకృతిలోనే ఉంది. ఒక జాతి సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైటుగా మారుస్తాయి. అదీ విషమే. మరో జాతివి దానిని నైట్రేటుగా మారుస్తాయి. అది చాలావరకు నిరపాయం. ఈ సూక్ష్మజీవులు కాపురముండేది ఎక్కడనుకున్నారు? గులకరాళ్ళమీదా, ఆ జిడ్డు స్పాంజిలోనూ! కొత్త తొట్టిలో అవి నిలదొక్కుకోవడానికి నాలుగునుంచి ఆరువారాలు పడుతుంది. నేను ఒక్క పూటలో వాటిని తుడిచిపెట్టాను. చాలదన్నట్టు కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంది. మనకు రోగాలు రాకుండా కాపాడే ఆ క్లోరినే చేపకూ, ఆ సూక్ష్మజీవులకూ శత్రువు.

ఇప్పుడు మా పద్ధతి చెబుతాను. వారానికి ఒకసారి నాలుగోవంతు నీళ్ళు మాత్రమే తీస్తాం. తీసిన నీళ్ళలోనే స్పాంజిని ఒకటి రెండుసార్లు మెల్లగా ముంచి తీస్తాం. ఆ నీళ్ళు తులసికోటకు, మల్లెపాదుకు పోస్తాం. నైట్రేటు మొక్కకు ఎరువు. కొత్తనీళ్ళు ఒకరోజు ముందే వెడల్పాటి బకెట్టులో మూతలేకుండా ఉంచుతాం. క్లోరిన్ పోతుంది, నీళ్ళు గదివేడికి వస్తాయి. కొన్ని ఊళ్ళలో క్లోరినుకు బదులు క్లోరమిన్ కలుపుతారు. అది నిలవ ఉంచినంతమాత్రాన పోదు, దుకాణంలో దొరికే విరుగుడు మందు వెయ్యాలి. మేత రెండు నిమిషాలలో తినేంతే. అమోనియా పరీక్షకు చుక్కలమందు దొరుకుతుంది. ఆ రంగు చూసి పుస్తకంలో రాసే పని మనుమరాలిది. మిగిలిన ఒక్క చేపకు తోడుగా యింకొకదాన్ని తెచ్చింది, రెండు నెలలపాటు ఆ పుస్తకంలో సున్నాలు పడ్డ తరవాతనే.

ఈ లెక్క అర్థమయ్యాక మేడ ఎక్కి మూసీని చూస్తే మా తొట్టే జ్ఞాపకం వస్తుంది. 1908 సెప్టెంబరు 28న ఆ నది పొంగి వేలమందిని పొట్టనబెట్టుకుంది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరదలు మళ్ళీ రాకూడదనే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. వరదకు అడ్డుకట్ట వేశాం. కాని ఏ నీరైనా తాను అరిగించుకోగలిగినంత మురికినే అరిగించుకుంటుంది. మూసీలో ఊరంతటి మురుగు పడుతోంది. ఆక్సొలాటల్ సొంత ఊరు షోచిమిల్కోది కూడా యిదే కథ. మెక్సికో నగరపు మురుగు చేరీ, బయటినుంచి తెచ్చి వదిలిన చేపలు గుడ్లనూ పిల్లలనూ తినీ, 1998లో చదరపు కిలోమీటరుకు 6,000 దాకా ఉన్న ఆ ప్రాణులు 2014 నాటికి 36కు దిగాయి.

పోయిన మే నెలలో ఒకరాత్రి కరెంటు పోయింది. గాలి ఊదే మోటారు ఆగింది. నీళ్ళు వేడెక్కినకొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. తొట్టిలో లీటరుకు 20 డిగ్రీల దగ్గర 9 మిల్లీగ్రాములు పట్టేది, 30 దగ్గర ఏడున్నరే పడుతుంది. రెండు చేపలూ పైకివచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. నేనూ, మనుమరాలూ కొవ్వొత్తి వెలిగించి, చెంబుతో తొట్టిలో నీళ్ళు ముంచి, జానెడు ఎత్తునుంచి మళ్ళీ తొట్టిలోనే పోస్తూ కూర్చున్నాం. అలా పోస్తే నీటిలో గాలి కలుస్తుంది. చెయ్యి నొప్పి పుడితే చెంబు ఒకరినుంచి ఒకరం అందుకున్నాం. తెల్లవారుజామున నాలుగింటికి కరెంటు వచ్చింది. చేపలు కిందికి దిగాయి.

"తాతయ్యా, ఆక్సొలాటల్ అయితే ఈ రాత్రి బతికేదా?" అంది.

"కష్టమేనమ్మా."

కాసేపు ఆలోచించింది. "అయితే దాన్ని బొమ్మలోనే పెంచుకుందాంలే" అంది.

ఆ బొమ్మ యిప్పుడు మా తొట్టిపైన గోడకు అంటించి ఉంది. నవ్వుతూనే ఉంది.