రేగడి దాచుకున్న వాన

నంద్యాల నుంచి కోవెలకుంట్ల మీదుగా జమ్మలమడుగు పోయే దారిలో, ఎండాకాలం చేలోకి దిగితే చూసి అడుగు వేయాలి. నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంటుంది. చేతికర్ర దింపితే సగానికి పైగా లోపలికి పోతుంది. కరువు వార్త పక్కన పత్రికల్లో వేసే ఫొటో ఇదే. ఇక్కడి రైతుకు మాత్రం అందులో దిగులు పడాల్సిందేమీ కనబడదు. నెర్రె ఎంత లోతుంటే తొలి వాన అంత లోతుకు దిగుతుంది. నీళ్లు తాగిన మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటాయి. ఆ తరవాత పడిన వాన పడినట్టే నేలలో నిలుస్తుంది. మనిషి లోతు రేగడి సుమారు 200 మిల్లీమీటర్ల నీటిని పంట వేళ్లకు అందేలా పట్టి ఉంచగలదు. ఏడాది మొత్తం మీద 500 నుంచి 750 మిల్లీమీటర్లు కురిసే 'స్వల్ప వర్షపాత మండలం'లో అది చిన్న నిధి కాదు. కుందూ నది లోయలో చెరువులు తక్కువైనా చేలు పండాయంటే కారణం ఇదే. ఇక్కడ నేలే చెరువు.

తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, నడుమ కుందూ. అడుగున సున్నపురాయి, పలకరాయి. 1872లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ రాతి పొరల మీద పెద్ద గ్రంథం రాసి, వాటికి కడప, కర్నూలు పేర్లే పెట్టాడు. బేతంచెర్ల నుంచి లారీల్లో ఊరూరికీ వెళ్లే నాపరాళ్లు ఆ పొరల్లోవే. మీ ఇంటి అరుగు మీద పరిచిన బండా, పప్పుశనగ పండే ఈ నేలా ఒకే పుట్టుక. (2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరే జిల్లా అయింది. ఇక్కడ కర్నూలు అంటే పాత కర్నూలే.)

వాన తీరును బట్టే ఇక్కడ కాలానికి రెండు పేర్లు. ఎర్రనేలల్లో తొలకరికి వేసేది ముంగారి. రేగడిని వానాకాలమంతా ఖాళీగా ఉంచి, గుంటక తోలుతూ, పదును చూసుకుని అక్టోబరు ప్రాంతంలో విత్తేది హింగారి. విత్తాక ఒక్క వాన పడకున్నా ఫర్వాలేదు. సంక్రాంతి మంచు చాలు.

నీళ్లొద్దన్న రైతులు

ఈ నేల సంగతి తెలియక నష్టపోయిన వాళ్లలో మొదటి పేరు ఒక లండన్ కంపెనీది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా సుమారు 300 కిలోమీటర్ల కాలువ తవ్వాలని మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863లో పని మొదలెట్టింది. అదే కేసీ కెనాల్. నీళ్లు పారించి తీరువ వసూలు చేసుకోవచ్చు, పడవలూ నడుపుకోవచ్చు అని వాళ్ల లెక్క. కాలువ వచ్చింది, నీళ్లూ వచ్చాయి. రైతులు తీసుకోలేదు. జొన్నా పత్తీ పండే రేగడికి ఆ నీటి అవసరం లేదు. పైగా తడి ఎక్కువైతే ఆ మట్టి కాలు తీయనివ్వదు, చేలో నీళ్లు నిలుస్తాయి. అందుకు తీరువ కూడా కట్టాలా అన్నది వాళ్ల ప్రశ్న. మంచి ఏడాదిలో నీళ్లు కావాలన్నవాళ్లే తక్కువ. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కోవాల్సి వచ్చింది. నన్నడిగితే ఈ సీమలో తొలి వ్యవసాయ పరిశోధన ఫలితం అదే. దాన్ని చదువుకోవడానికి కంపెనీకి ఇరవయ్యేళ్లు పట్టింది.

అయితే రేగడిని నమ్ముకున్నా గట్టెక్కని ఏళ్లున్నాయి. 1876-78 కరువు తరవాత, 1881 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా మనుషులు పదేళ్ల కిందటి కంటే దాదాపు నాలుగో వంతు తగ్గారు. వాన పడితేనే కదా నేల దాచేది. ఆ కరువు మీద వేసిన కమిషన్ 1880లో ప్రతి రాష్ట్రానికీ వ్యవసాయ శాఖ ఉండాలంది. నంద్యాలలో పరిశోధన క్షేత్రం 1906లో వచ్చింది. మొదట చూసింది పత్తినే. అప్పటి పత్తి వ్యాపారంలో బళ్లారి వైపు సరుకు 'వెస్టర్న్స్', నంద్యాల వైపుది 'నార్తర్న్స్'. మిల్లుకు పనికొచ్చే పింజ కావాలి గనక పత్తికి ముందు చోటు దొరికింది. తిండి గింజల వంతు తరవాత. ఈ వరస ఎందుకన్నది ఎవరూ దాచలేదు.

అప్పటి నుంచి ఆ క్షేత్రం నుంచి వచ్చినవి ఈ సీమ మాటల్లో కలిసిపోయాయి. నరసింహ పత్తి, నంద్యాల తెల్లజొన్న, సూర్యనంది కొర్ర. కొర్రలో ఒక కొత్త రకానికి 'రేనాడు' అని పేరు పెట్టారు. దొరికిన వాటిలో తొలి తెలుగు శాసనంగా చెప్పే కలమళ్ల రాతిని వేయించిన రేనాటి చోళులది ఈ గడ్డే. విత్తన సంచి మీద ఆ పేరు చూస్తే ముచ్చటేస్తుంది. ఐదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది. శాస్త్రవేత్తలు సిఫారసు చేసే ఈ లెక్కకు మూలం రైతుల పాత అలవాట్లలోనే ఉంది. గొర్రు తోలే వాళ్లు పత్తిలో కొర్ర వేసినా, కంది వేసినా, ఒకటి పోతే ఇంకొకటి చేతికొస్తుందనే.

ఒక చిన్న సంగతి కూడా. బయట ఊళ్లలో 'కర్నూలు సోనా' అని గొప్పగా కొనే బియ్యం అసలు విత్తనం 1986లో బాపట్లలో పుట్టింది, బీపీటీ 5204. పేరు మాత్రం కేసీ కెనాల్ కింది ఊళ్లది. నీళ్లొద్దన్న కాలువ కిందే చివరికి వరి గెలిచింది.

శనగ వచ్చాక

ఇరవై అయిదేళ్లలో ఈ లోయ రూపం మార్చింది మాత్రం పప్పుశనగ. శనగంటే చలి ఎక్కువ, చలికాలం పొడుగు ఉండే ఉత్తరాది పంట అనుకునేవారు. ఇక్కడ తక్కువ రోజుల్లో కాపుకొచ్చి, ఎండు తెగులును తట్టుకునే రకం కావాలి. ఇక్రిశాట్, జబల్పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కలిసి తెచ్చిన జేజీ 11, 1999లో విడుదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 తరవాత శనగ సాగు వేగంగా పెరిగి 2009 కల్లా ఆరు లక్షల హెక్టార్లకు చేరింది. దిగుబడి కూడా పెరగడంతో ఉత్పత్తి దాదాపు తొమ్మిది రెట్లయింది. ప్రకాశంతో పాటు కర్నూలు, కడప, అనంతపురం రేగళ్లలోనే ఈ పెరుగుదల ఎక్కువ. నీటి తడి లేకుండా, మూడు నెలల్లో, ఒక్క హింగారి వానను నమ్ముకుని. కాలువ కంపెనీ ఎన్నడూ ఊహించని లాభం.

లాభం ఉన్నచోటికి గుత్త వస్తుంది. సొంత పొలం రెండెకరాలున్నవాడు ఇరవై, ముప్పై ఎకరాలు గుత్తకు పట్టి, ట్రాక్టరు గొర్రుతో ఒక్క రోజులో విత్తాడు. గుత్త ధర పెరిగింది. కోరుకు, అంటే పంటలో వాటాకు, చేసే పాత పద్ధతి వెనక్కు పోయింది. శీతల గిడ్డంగులు లేచాయి. ధర కోసం వాటిలో బస్తాలు ఆపడం అలవాటైంది. 2013 ప్రాంతంలో ధర పడిపోయినప్పుడు ఆ బస్తాల మీద తెచ్చిన అప్పే మిగిలింది. ఎకరానికి ఎన్ని క్వింటాళ్లు అన్న లెక్క పరిశోధన క్షేత్రంలో పక్కాగా ఉంటుంది. గుత్త పోగా ఏం మిగిలిందన్న లెక్క చిన్న నోటుబుక్కుల్లో, ఇంటి గోడ మీది క్యాలెండరులో ఉంటుంది.

కోత దగ్గర ఇంకో లెక్క ఉంది, చేతుల లెక్క. శనగ మొక్క ఆకు, కాయ మీది నూగు నుంచి పులుపు ఊరుతుంది. మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు. పూర్వం తెల్లవారుజామున చేనిమీద గుడ్డ పరిచి, మంచుతో తడిసిన ఆ గుడ్డను పిండి 'శనగ పులుసు' తీసేవారు, కడుపునొప్పికి మందని. వంటికి మందైన ఆ పులుపే కూలికి పుండు. జనవరి, ఫిబ్రవరిలో కాయ రాలకుండా ఉండాలని మంచు ఆరకముందే మొక్కలు పీకాలి. ఆడవాళ్లు వేళ్లకు పాత చీర పేలికలు చుట్టుకుని వంగుతారు. పొద్దెక్కేసరికి పేలిక తడిసి పులుపు లోపలికి దిగుతుంది. వేలి సందులు ఎర్రబడి మండుతాయి. మధ్యాహ్నం సద్దిలో కారం కలుపుకోవడం కష్టం.

పాత రకాలు పొట్టిగా, పక్కకు పరుచుకుని పెరుగుతాయి. మిషను కత్తికి అందవు. నంద్యాల శాస్త్రవేత్తలు నిటారుగా పెరిగి, నేలకు ఎత్తులో కాయ కాసే ఎన్‌బీఈజీ 47ను తెచ్చి 'ధీర' అని పేరు పెట్టారు. కోత యంత్రం దిగితే గంటలో ఎకరాలు అయిపోతాయి. వేళ్ల మంట పోయింది, దాంతో పాటే ఆ నెల కూలీ పోయింది. ఈ రెండూ ఒకే విడుదల పత్రంలో ఉండాల్సిన ఫలితాలని నా అభిప్రాయం. ఆడకూలీలు ఆ డబ్బు ఎక్కడ పూడ్చుకుంటున్నారో అడిగే పని వంగడం పెంచినవాళ్లది కాదు. అయితే ఎవరిదో తేలదు.

కూలీల సంగతి అడిగినవాళ్లు ఒకరిద్దరున్నారు, అదీ పత్తి చేలల్లో. నంద్యాల చుట్టూ విత్తన పత్తి పెద్ద పని. పూలల్లోంచి కేసరాలను సాయంత్రం తీసేసి, మరునాడు పొద్దున్నే మగ పువ్వు పుప్పొడి అద్దడమే 'క్రాసింగ్'. దీనికి చిన్న వేళ్లు బాగుంటాయని బడి మానిపించి ఆడపిల్లలను పెట్టారు. తల్లిదండ్రులకు ముందే అప్పిచ్చి పిల్లను పనికి కట్టేసుకునేవాళ్లు. కర్నూలు, మహబూబ్‌నగర్ పొలాల్లో ఈ సంగతి తవ్వి తీసినవారు దావులూరి వెంకటేశ్వర్లు. 2000కు అటూ ఇటూ వచ్చిన ఆయన నివేదికలు చదివాకే బయటి దేశాల్లో విత్తన కంపెనీల మీద ఒత్తిడి మొదలైంది. పంటను కొలిచిన పుస్తకాల పక్కన పెట్టి చదవాల్సిన పుస్తకాలవి.

సుగ్గికి పోయే ఊళ్లు

పడమరకు పోయేకొద్దీ రేగడి పలచబడుతుంది. పత్తికొండ, దేవనకొండ, తుగ్గలి ఎర్రనేలలు. తొలకరి పడగానే జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి గుడారాలు వేస్తారు. విత్తే రైతుకు వాళ్ల కాళ్లే పురుగు. ఈ మండలాల్లో గ్రామీణ జీవనోపాధుల పథకం కింద ఇక్రిశాట్ మట్టి పరీక్షలు చేసినప్పుడు చాలా చేలల్లో గంధకం, బోరాన్, జింకు కొరత బయటపడింది. అందరూ వాన లేదనే అనుకున్నారు. వాన పడ్డ ఏడాదీ వేరుశనగ ఎందుకు సరిగా ఊరలేదో అప్పుడు అర్థమైంది.

కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం ఊళ్లలో ఏ మందూ ఆపలేనిది సుగ్గి. చేను కోతయ్యాక సంసారం సంసారం గుంటూరు మిరపకు, తెలంగాణ పత్తికి బండెక్కడమే సుగ్గి. పిల్లలు వెంట పోతారు, లేదా ముసలివాళ్ల దగ్గర ఉండి బడికి సగం పోతారు.

అలాంటి ఇళ్ల పిల్లలను ఏళ్ల తరబడి వెంటబడి చూసిన పరిశోధన ఒకటి ఉంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల 'యంగ్ లైవ్స్' 2002లో ఉమ్మడి రాష్ట్రంలో మూడు వేల మంది పిల్లలతో మొదలైంది. ఎంచుకున్న జిల్లాల్లో కడప ఒకటి. అప్పుడు ఏడాది వయసున్నవాళ్లు ఇప్పుడు ఇరవై దాటి, కొందరు తామే తల్లులయ్యారు. తండ్రి గుత్తకు చేసిన చేను వాళ్ల చేతికి వస్తుందా అన్నది ఇప్పుడు వాళ్ల ముందున్న లెక్క. 2019 చట్టం ప్రకారం గుత్తదారుకు పదకొండు నెలల సాగు హక్కు పత్రం ఇస్తారు, భూమి యజమాని ఒప్పుకుంటేనే. పేరు కాగితంలో పడితే పొలం పోతుందని చాలామంది ఒప్పుకోరు. పత్రం లేనివాడికి బ్యాంకు అప్పు రాదు. బయట తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతుంటే మార్చి ధరకే శనగ అమ్ముకోవాలి. సెప్టెంబరు దాకా గిడ్డంగిలో ఆపుకోగలిగేది గుత్త పుచ్చుకునే యజమానే.