సీమ ఎండ చుట్టూ అల్లుకున్న అపోహలు

రాయలసీమలోని ఓర్వకల్లు దగ్గర గని, శకునాల గ్రామాల వైపు వెళ్తే దాదాపు 6,000 ఎకరాల్లో సోలార్ పలకలు కనిపిస్తాయి. 2017లో పూర్తయిన ఈ 1,000 మెగావాట్ల పార్కును చూసినవాళ్లు ఇక పెట్రోలు దిగుమతులు తగ్గిపోతాయని అనుకుంటారు. అవి రెండూ వేరు. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుతో పుడుతుంది, చమురుతో కాదు. గని పార్కులో తయారయ్యే యూనిట్ మిగిల్చేది ఎర్రగుంట్ల దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రంలాంటి చోట్ల కాలే బొగ్గునే. దేశానికి కావలసిన ముడిచమురులో 85 శాతానికి పైగా బయటి నుంచే వస్తోంది. అది తగ్గాలంటే బైకులు, ఆటోలు, బస్సులు, లారీలు కరెంటుకు మారాలి.

ఎండ ఎంత మండితే అంత కరెంటు వస్తుందన్నది మరో నమ్మకం. పలకకు కావలసింది వెలుతురు, వేడి కాదు. పలక 25 డిగ్రీలు దాటి వేడెక్కిన కొద్దీ ప్రతి డిగ్రీకీ ఉత్పత్తి 0.3 నుంచి 0.4 శాతం దాకా పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం కర్నూలులో పలక 60 డిగ్రీలకు చేరితే పదో వంతుకు పైగా నష్టమే.

వెయ్యి మెగావాట్ల సోలార్, వెయ్యి మెగావాట్ల బొగ్గు ఒకటేనా? కాదు. రాత్రి, మబ్బు, ఉదయం సాయంత్రాల నీరెండ అన్నీ లెక్కేస్తే సోలార్ ఏడాది మొత్తం మీద తన సామర్థ్యంలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకానే ఇస్తుంది. 2025లో దేశ విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్, డీజిల్ కానిదేనని కేంద్రం ప్రకటించింది. అయినా వాడే కరెంటులో సుమారు 70 శాతం బొగ్గుదే. ఈ తేడా దాచిపెడితే ప్రజలకు అన్యాయం చేసినట్టే.

సాయంత్రం లోటు పూడ్చడానికే పాణ్యం మండలం పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ తలపెట్టారు. పగలు మిగిలే కరెంటుతో నీటిని పై జలాశయానికి ఎక్కించి, పొద్దుగూకాక టర్బైన్ల మీదుగా కిందికి వదులుతారు. ఇది సాగునీళ్లను తాగేస్తుందన్న భయం ఉంది. కానీ గోరకల్లు జలాశయం నుంచి ఒకసారి నింపుకొన్న నీళ్లే పైకీ కిందికీ తిరుగుతాయి. ఆ తర్వాత ఆవిరైపోయినంత మేరకు నింపాలి.

గాలిమరలు మబ్బుల్ని తరిమేస్తాయని సీమలో చాలా ఊళ్లలో చెప్పుకుంటారు. రెక్క కొస నేలకు 150 మీటర్ల ఎత్తు దరిదాపుల్లో తిరుగుతుంది. వాన మబ్బు కిలోమీటర్ల మందం. ఇక్కడ వానలు తక్కువ కావడానికి కారణం ఈ నేల పడమటి కనుమల వానచాటున ఉండడమే. లక్షల ప్రాణాలు తీసిన 1876–78 ధాత కరువు నాటికి ఇక్కడ ఒక్క మరా లేదు.

"సోలార్ చవక కదా, బిల్లు ఎందుకు తగ్గదు?" ఈ ప్రశ్న న్యాయమైనదే. 2015 నవంబరులో గని పార్కు టెండరులో యూనిట్ ధర 4.63 రూపాయలు. 2017 ఏప్రిల్‌లో కడప జిల్లా టెండరులో 3.15. అదే ఏడాది మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44. కానీ ఒప్పందాలు 25 ఏళ్లవి. పాత ధర పాతదే. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పాత ఒప్పందాలను తిరగదోడబోతే, ఒప్పందంలోని ధరే చెల్లించాలని 2022 మార్చిలో హైకోర్టు తేల్చింది.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఒకటుంది: బీడు భూమే కదా, ఎవరికీ నష్టం లేదని. గొర్రెల కాపరికి బీడే ఆస్తి. పట్టా లేదు గనక పరిహారం జాబితాలో అతని పేరు ఉండదు. సరిహద్దు అవతల, తెలుగు బాగా వినిపించే కర్ణాటకలోని పావగడలో 2,050 మెగావాట్ల పార్కుకు సుమారు 13,000 ఎకరాలను కొనకుండా కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏటా 21,000 రూపాయలతో మొదలుపెట్టి, రెండేళ్లకోసారి ఐదు శాతం పెంచేలా ఒప్పందం. భూమి రైతు పేరునే ఉంది. అక్కడా కూలీలకు, కాపరులకు ఆ కౌలులో వాటా దక్కలేదు. సీమలో కొత్త పార్కులకు భూమి అడిగే ముందు కౌలు పద్ధతితో పాటు మేతభూమికి బదులు ఏమిస్తారో కూడా గ్రామసభలో రాతపూర్వకంగా చెప్పాలి.